ఫ్రావ్ హేబర్లె గారి పుల్ల బోటి

ఆదివారం పన్నెండు కాగానే సహస్ర చేతులు మూడోసారి కడుక్కుని, ఉతికిన బట్టలు వేసుకుని, పై గదిలోంచి కిందికి దిగుతుంది. సగం మెట్ల మీదే వాసన ఎదురొస్తుంది. వెనిగర్, నూనెలో మాడ్చిన పిండి, బిర్యానీ ఆకు, వాటన్నిటి అడుగున సున్నం మొహం చూడని ఆవు పొట్ట. ముక్కు మూసుకుంటే ఇంటామె చూస్తుంది కాబట్టి, మాస్కు పైకి లాక్కుని దాని చాటున నోటితో ఊపిరి పీలుస్తూ దిగుతుంది. ఆ ఏడాది మాస్కు వల్ల ఆమెకు కలిగిన సుఖం అదొక్కటే.

సహస్రది హనుమకొండ. బోటి అంటే ఆమెకేం రోత లేదు. ఇంట్లో ఆదివారం బోటి వండితే మూకుడు అడుగు గీకి తినేది ఆమే. కానీ బోటిని సున్నపు నీళ్లలో రుద్ది రుద్ది కడగాలి. కారం, అల్లంవెల్లుల్లి దట్టించి, గోంగూర వేసి, నూనె తేలేదాకా వేయించాలి. ఇక్కడ దాన్ని దారాల్లా తరిగి, పిండి గంజిలో ముంచి, వెనిగర్ పోసి, పండగ వంట అంటారు. ఆవుకి ఒకసారి చచ్చిన బాధ చాలదన్నట్టు.

స్టుట్‌గార్ట్‌లో ఆటోమొబైల్ ఇంజనీరింగ్ చదువుదామని వచ్చింది. వచ్చీ రాగానే క్లాసులన్నీ లాప్‌టాప్‌లోకి దూరాయి. ఎస్-బాన్ రైల్లో చివరి స్టేషన్ దాకా వెళ్లి బస్సెక్కితే వచ్చే ఈ చిన్న ఊళ్లో, అక్టోబరులో, గది దొరికింది. ఉదయాలు కూరగాయల గోడౌన్‌లో ప్యాకింగ్ పని. కుళ్లిన క్యాబేజీ రెక్కలు, శానిటైజర్ కంపు, పక్కవాడు ముక్కు కిందికి దించుకున్న తడి మాస్కు. అన్నీ అసహ్యమే.

ఇంటామె ఫ్రావ్ హేబర్లెకి డెబ్భై ఏడేళ్లు. ఏటా ఫిబ్రవరిలో ఫాస్నెట్ పండగకి ఊరంతా చెక్క మొహాలు తగిలించుకుని వీధుల్లో గెంతుతారు. ఆ మొహాలు చెక్కేది ఆమే. యాభై ఏళ్లుగా చెక్క నున్నగా రుద్దుతూ ఆ పొడినంతా ఊపిరితిత్తుల్లోకి దింపుకుంది. "ఊరంతా తిరుగుతున్న ఈ జబ్బు నీ ఇంటి గుమ్మం దాటితే నువ్వు ఆస్పత్రికి పోతావు, తిరిగి రావు" అని డాక్టరు తేల్చి చెప్పాడు. టీకాలేమో అప్పటికి రాలేదు, వచ్చాక కూడా ముందు ఎనభై దాటినవాళ్లకే. అయినా ఆమె గది అద్దెకిచ్చింది, ఒంటరిగా తినడం చేతకాదు గనక. షరతు ఒక్కటే, ఆదివారం మధ్యాహ్నం కలిసి తినాలి. పొడవాటి బల్లకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, కిటికీ బార్లా తీసి. మంచు పడుతున్నా సరే.

తన వల్ల ఈమెకి జబ్బు అంటుకుంటే ఎలా అన్న భయం సహస్రను గోడౌన్ నుంచి ఇంటిదాకా వెంటాడేది. అందుకే ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు.

బల్ల పైన గోడకి ఒక చెక్క మొహం ఉంటుంది. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మొదటి ముద్ద ఎవరు నోట్లో పెట్టుకుంటే వాళ్లకి లోపల ఎలా ఉందో ఆ మొహం అలా మారుతుంది. నచ్చితే బుగ్గలు ఉబ్బుతాయి, నచ్చకపోతే ముక్కు ముడుచుకుంటుంది. ఎందుకలా అనడిగితే నీళ్లెందుకు తడి అన్నట్టు చూస్తారు. తినేది మనిషి, మొహం పెట్టేది గోడ, మరి ఒకరి మీద ఒకరికి కోపమెందుకు అంటారు. కోడలు అత్త వంటని మెచ్చుకోవాల్సిన అవస్థ ఆ ఊళ్లో లేదు. వచ్చినవాళ్లే ముందు తినాలి. గోడ మీద మొహం మారాకే వడ్డించినవాళ్లు తమ మాస్కు తీసి స్పూను పట్టుకుంటారు.

మొదటి ఆదివారం సహస్రకి ఇదంతా తెలియదు. ముద్ద మింగి, "చాలా బాగుంది" అంది. గోడ మీది మొహం నాలుక బయటపెట్టి కళ్లు మూసుకుంది. ఫ్రావ్ హేబర్లె దాన్ని ఓసారి చూసి, "ఇంకొంచెమా?" అనడిగింది.

"వెయ్యండి," అంది సహస్ర. ఇంకేమనాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు.

ఆ సాయంత్రం వాళ్లమ్మ కమల ఫోన్ చేసింది.

"ఏం తిన్నవే?"

"బోటి."

"ఆడ గూడ దొరుకుతదా?"

"దొరుకుతది. సిర్కా పోసి ఉడకవెడ్తరు."

"ఛీ. కారం?"

"లేదు."

"అయినా సరే, పెట్టినామె ముంగట మొహం ముడుసుకోకు బిడ్డా. పెద్దామె, ఆమె మనసు కష్టపడతది."

"నేను ముడుసుకుంటలేనమ్మా. గోడ ముడుసుకుంటది."

"గోడ సంగతి మనకెందుకు. నువ్వు మంచిగుండు."

సెలవు రోజుల్లో సహస్ర పెరట్లోని వర్క్‌షాప్ గుమ్మం దగ్గర నిలబడి ఆమె చెక్కడం చూసేది. దుంగలోంచి ముందు ముక్కు బయటికొచ్చేది. "మీ ఊళ్లో ఇలాంటివి చేస్తారా?" అని ఆమె ఒకరోజు అడిగింది. సహస్ర ఫోన్‌లో వెతికి, చేర్యాలలో చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపి మొహాలు చేస్తారని చదివి చెప్పింది. హనుమకొండ నుంచి చేర్యాల ఎంతో దూరం లేదు. అక్కడి హస్తకళల షోరూమ్ గోడకి ఆ మొహాలు వేలాడుతుంటే రేటు చూసి పెదవి విరిచిందే తప్ప, చేసేది ఎవరని ఎన్నడూ అడగలేదు. ఆ రోజు తన మీద తనకే రోత పుట్టింది.

మామూలుగా జనవరి ఆరున మొహాలకి దుమ్ము దులిపి గోడ మీంచి దించుతారు, పండగయ్యేదాకా అవి వీధుల్లోనే ఉంటాయి. ఆ ఏడు పండగని నిషేధించారు. మొహాలన్నీ గోడల మీదే ఉండిపోయాయి. బోటి మాత్రం మానలేదు.

ఫిబ్రవరిలో ఓ ఆదివారం మెట్ల మీద వాసన ఎదురురాలేదు. ఇవాళ బాగా కడిగినట్టున్నారు అనుకుంది సహస్ర. మొన్నటి నుంచి ఆవకాయ కూడా చప్పగానే ఉంది. అమ్మ అక్టోబరులో కట్టిచ్చిన సీసా, పాతబడిందనుకుంది. కూర్చుని, మాస్కు తీసి, స్పూను నోట్లో పెట్టుకుంది. రోత లేదు. వేడిగా, మెత్తగా దిగిపోయింది. అలవాటైపోయిందని ఆమెకు గర్వం కలిగింది. ఐదు నెలల్లో మొదటిసారి నిజాయితీగా, "బాగుంది" అంది.

గోడ మీది మొహం కదల్లేదు. కళ్లు తెరిచి, మూతి తిన్నగా, గొడ్డలి దెబ్బ పడని దుంగలా ఉండిపోయింది.

ఫ్రావ్ హేబర్లె దాన్ని చూసి, తీయబోయిన మాస్కుని రెండు చేతులతో ముక్కుకి అదిమి పట్టుకుంది. లేచి, గోడ వారగా నడిచి, కోటు కూడా లేకుండా మంచులోకి వెళ్లిపోయింది. కిటికీ అవతల నిలబడి, "డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఇప్పుడే," అంది.

"నేనేం చేశాను?" అని సహస్ర ఏడుపు గొంతుతో అడిగింది. గది పోయిందనుకుంది.

"నీకు రుచి తెలియట్లేదు. గోడకి పెట్టడానికి మొహం దొరకలేదు. ఫోన్ చెయ్యి."

మర్నాటి పరీక్షలో పాజిటివ్ వచ్చింది. సహస్రను రెండు వారాలు ఇల్లు కదలొద్దన్నారు. ఫ్రావ్ హేబర్లె పెరట్లోని వర్క్‌షాప్‌లో పొయ్యి వెలిగించుకుని ఉండిపోయింది. ఆమెకి రెండుసార్లు పరీక్ష చేశారు, రెండుసార్లూ ఏమీ లేదన్నారు. అదే వారం గోడౌన్‌లో పక్కవాడు ఆస్పత్రిలో చేరాడని తెలిసింది. పై గదిలో సహస్ర కారప్పొడి చెంచాతో తింది, సున్నపుపొడి తిన్నట్టుంది. వెనిగర్ సీసా ముక్కు కింద పెట్టుకుంటే ఏమీ లేదు. అసహ్యం పుట్టకపోవడమంత అసహ్యం ఇంకోటి లేదని అప్పుడు తెలిసింది.

మూడో ఆదివారం ఇద్దరూ మళ్లీ బల్లకి చెరో చివర కూర్చున్నారు. సహస్ర స్పూను నోట్లో పెట్టుకుంది. పులుపు, గంజి, పశువుల కొట్టం, అన్నీ ఒక్కసారి గొంతుకి అడ్డం పడ్డాయి. గోడ మీది మొహం ముక్కు కణతల దాకా ముడుచుకుని, దవడ వేలాడేసి, నాలుక గడ్డం కిందికి దించేసింది. ఫ్రావ్ హేబర్లె తృప్తిగా మాస్కు విప్పింది.

సహస్ర స్పూను కింద పెట్టింది. "నేనొకటి చెప్పాలి. ఇది నాకు ఎప్పుడూ నచ్చలేదు. మొదటి రోజు నుంచీ అసహ్యం."

"తెలుసు."

"చెబితే బాధపడతారని ఊరుకున్నాను."

"బాధెందుకు? వద్దంటే మేం మళ్లీ అడగం. మరుసటి ఆదివారం నుంచి నీకు బంగాళాదుంపలు ఉడకబెట్టేదాన్ని." ఆమె ఛాతీ పట్టుకుని కాసేపు దగ్గింది. "బంగాళాదుంపలకి ఎవరి మొహమూ పెద్దగా మారదు సహస్రా. ఆ ఆదివారం నీ ముందు అవే ఉండి ఉంటే, నాకు తేడా తెలిసేది కాదు. మాస్కు తీసి గంటసేపు నీతో కబుర్లు చెప్పేదాన్ని."

సహస్ర గిన్నె ముందుకు జరిపి, ఇంకో గరిటె వెయ్యమంది.