ఫినాయిల్ బాబాయ్

ఎడమ చేతిలో పళ్ళెం, కుడి చేతిలో రబ్బరు గరిటె. ఒక్క గీకుతో ఎంగిలంతా డ్రమ్ములో పడింది. నమిలి ఉమ్మిన మాంసం ముక్క, దానికి అంటుకున్న లిప్‌స్టిక్ మరకల కాగితపు రుమాలు, సాస్‌లో ఆర్పిన సిగరెట్ పీక, ఎవరిదో ఊడిపోయిన అతికింపు గోరు. డ్రమ్ము సగానికి రాగానే అతను పక్క బకెట్లోంచి మగ్గు నిండా ఫినాయిల్ నీళ్ళు ముంచి పోశాడు. తెల్లటి నీళ్ళు ఎంగిలి సందుల్లోకి నెమ్మదిగా దిగాయి.

అది ఆ రెస్టారెంటు నియమం. మిగిలింది పనివాళ్ళు తినకూడదు, బయట పారేశాక ఎవరూ ఏరుకోకూడదు. తిన్నవాళ్ళకి వాంతులైతే పేరు పోతుందని మేనేజరు భయం. పోసే పని అతనిది గనక వంటవాళ్ళకీ వడ్డించేవాళ్ళకీ అతను ఫినాయిల్ బాబాయ్. అసలు పేరు అక్కడ ఎవరికైనా గుర్తుందో లేదో.

తలుపు ఊగినప్పుడల్లా అవతలి హాలు ఒక ముక్క కనిపిస్తుంది. మసక దీపాలు, సన్నటి సంగీతం, బండి చక్రమంత పళ్ళెంలో నిమ్మకాయంత తిండి. ముందు దానికి ఫోటోలు తీస్తారు. తర్వాత దాని పక్కన తామూ తల పెట్టి మళ్ళీ తీస్తారు. చల్లారాక కాస్త కెలికి, "అబ్బ, ఎంత బాగుందో" అని పక్కకి నెడతారు. ఆ బాగున్నదంతా ఇటే వస్తుంది.

చూసీ చూసీ అతనికి తిండి మీదే రోత పుట్టింది. ఒకదానికొకటి అంటుకున్న ఏ పదార్థాన్ని చూసినా డ్రమ్మే గుర్తొచ్చి కడుపులో తిప్పుతుంది. ఇంట్లో ఉడికించిన దుంపలు ఒక గిన్నెలో, ఆకుకూర ఇంకో గిన్నెలో, పెరుగు వేరే గిన్నెలో పెడితే తప్ప ముద్ద దిగదు. అలా పెట్టేది అత్తగారు. అతని భార్య ఈ రెస్టారెంటు వంటింట్లోనే కూరగాయలు తరిగేది, జ్వరం వచ్చి చనిపోయింది. కూతురు పోయాక అత్తగారు వెళ్ళిపోతాననలేదు, వెళ్ళమని అతనూ అనలేదు. అల్లుడి రోతని చూసి ఇదేం విడ్డూరమని ఆమె ఒక్కనాడూ వేలెత్తి చూపలేదు. గిన్నెలు మాత్రం పెంచుకుంటూ పోయింది.

ఇప్పుడు ఆమెకే ముద్ద దిగడం లేదు. గొంతులో గడ్డ. ఇంటికి తీసుకెళ్ళి అడిగింది పెట్టమన్నాడు డాక్టరు. ఏమీ అడగని మనిషి, ఈ పొద్దున అతను చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే గుసగుసగా పిలిచింది.

"అల్లుడూ, మీ హోటల్లో తెల్లగా ఏదో చేస్తారన్నావే. ముట్టుకుంటే వణుకుతుందని."

"పుడ్డింగా అత్తా?"

"అదే. అదైతే జారిపోతుందేమో. నేనూ వణుకుతున్నా, అదీ వణుకుతుంది. ఇద్దరికీ జోడీ కుదురుతుంది." నవ్వబోయి దగ్గింది.

"ఛీ, అక్కడి తిండి నీకెందుకత్తా."

"నువ్వు చూసేది వాళ్ళు తిన్నాక. తినకముందు ఎలా ఉంటుందో నన్ను చూడనీ."

ఆ మాట అతన్ని దారిపొడుగునా వదల్లేదు. మధ్యాహ్నం రద్దీ ముదరకముందే తీపి వంటావిడ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్, దారి తప్పావా?"

చెప్పాడు. ఆవిడ అటూ ఇటూ చూసి, ఫ్రిజ్‌లోంచి చిన్న స్టీలు గిన్నె ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. అంచుదాకా తెల్లటి పుడ్డింగు, పైన ఒక్క గీతైనా లేదు.

"ఇది ఇంకా ఎవరి ఫోటోలోనూ పడలేదని చెప్పు పెద్దావిడకి."

దాన్ని పై అరలో పెట్టబోతుంటే మేనేజరు బూట్ల చప్పుడు వినిపించింది. గబుక్కున ఎంగిలి పళ్ళేల మధ్య దించాడు. అక్కడికి ఎవరి చూపూ వెళ్ళదు.

"నిలబడి చూస్తావేంటి బాబాయ్? అవతల ప్లేట్లు లేక జనం మొహాలు చూసుకుంటున్నారు. కానియ్, కానియ్!"

చేతులు నడిచాయి. తీయడం, గీకడం, తొట్టిలో వేయడం. మళ్ళీ తీయడం. ఇన్నేళ్ళలో ఆ పనికి కళ్ళ అవసరం లేకుండా పోయింది. డ్రమ్ము సగానికి వచ్చింది, మగ్గు లేచింది, నీళ్ళు పడ్డాయి. అప్పుడు చూశాడు. సిగరెట్ బూడిద మీద తెల్లటి ముద్ద ఒకటి, ఫినాయిల్లో తడిసి, ఇంకా వణుకుతోంది.

ఇతరుల ఎంగిలి చూసి వచ్చిన రోత వేరు. ఇప్పుడు తన చేతులే తనకి అసహ్యం పుట్టించాయి. వాటిని తుడుచుకోబుద్ధి కూడా కాలేదు.

పని ముగించుకుని తోముడు గిన్నెలు తెచ్చిన తీపి వంటావిడ అతని మొహం చూసింది, డ్రమ్ములోకి చూసింది.

"అలవాటు పడ్డ చెయ్యి, దాన్నేం అంటాం," అంది. తోముడుకి తెచ్చిన పెద్ద గిన్నెని మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, అడుగున పేరుకున్నదాన్ని గరిటెతో చుట్టూ గీకింది. ఇంకో చిన్న స్టీలు గిన్నెలో సగం దాకా వచ్చింది. "అందం లేదు. రుచి మాత్రం అదే. ఈసారి నేరుగా నీ సంచిలో పెట్టు, ఇంటికెళ్ళేదాకా బయటికి తీయకు."

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడిగాడు, వాసన పోలేదు. మంచం పక్కన కూర్చుని చెంచా అందించాడు.

"ముక్కలైందేంటి? వణకదేం?"

"దారిలో భయం తీరిపోయిందత్తా."

ఆమె దాన్ని చాలాసేపు నాలుక మీదే ఉంచుకుంది. గొంతు కదిలింది. దిగింది.

"ఏమంత బాగాలేదు," అంది. "ఇంకో చెంచా పెట్టు."

అలా అడుగున కాస్త మిగిలేదాకా తింది. చివర తల పక్కకి తిప్పింది.

"అది నీకు. ఎంగిలని పారబోసేవు, జాగ్రత్త."

"తింటాలే, తర్వాత."

గిన్నె కిటికీ గట్టు మీద పెట్టి, దుంపలు పొయ్యి మీద పెట్టడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఆమె అలాగే గిన్నె వైపు తిరిగి ఉంది. పెదవి మూలన తెల్లటి చుక్క ఇంకా ఆరలేదు. ఊపిరి మాత్రం లేదు.

పక్కింటివాళ్ళని పిలవాలి. పిలవలేదు. గిన్నె ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె చెంచాతోనే మిగిలినదంతా తీసి నోట్లో పెట్టుకుని, కడుపు తిప్పుతుందని కాచుకున్నాడు. తిప్పలేదు. చల్లగా, కాస్త తియ్యగా జారిపోయింది. ఆమె అన్నట్టు, ఏమంత బాగాలేదు.

తర్వాత లేచి గిన్నెని మళ్ళీ కిటికీ గట్టు మీద పెట్టి, జనం వచ్చేలోగా ఇల్లు శుభ్రంగా ఉండాలని తొట్టి దగ్గరున్న గిన్నెలన్నీ కడిగాడు. కడిగి కడిగి చెయ్యి తనంతట తానే కిటికీ గట్టు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

చిన్న స్టీలు గిన్నె, అందులో ఆమె చెంచా, అంచున ఎండిపోతున్న తెల్లటి గీత.