ఒక సెంటీమీటరు పక్కకి

ఆరు రంధ్రాలూ సరిగ్గా ఒక సెంటీమీటరు కుడికి పడ్డాయి. అంతే, అన్నయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

వదినకి పెళ్ళికి ముందు నుంచీ వీడియో గేములంటే పిచ్చి. ఆవిడ కోసం ఆటల దుకాణాల్లో నిలబడి ఆడేలాంటి నిలువెత్తు గేము పెట్టె ఇంట్లోనే చేద్దామని సెలవురోజు పొద్దున్నే అన్నాచెల్లెళ్ళిద్దరూ పనిలోకి దిగారు. ఇద్దరిదీ వడ్రంగమే, ఒకే కార్ఖానా. అన్నయ్య అక్కడ పెద్ద మేస్త్రీ. ముప్ఫై దాటినా ఇంట్లో బుల్లిగానే మిగిలిపోయిన చెల్లెలు రెండేళ్ళుగా అతని చేతి కింద పనిచేస్తోంది. రేపటి నుంచి ఆమెకి సొంత బల్ల ఇస్తానని యజమాని మాటిచ్చాడు. సొంత బల్ల వస్తే తన పని తనదే, ఒకరి చెప్పుచేతల్లో ఉండక్కర్లేదు. ఆ రోజు కోసం బుల్లి కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది.

పాత పెట్టెది బటన్ల పలక ఒకటి దొరికితే, అన్నయ్య దాన్ని టేపుతో కొలిచి అంకెలు చెప్పాడు. బుల్లి వాటిని కొత్త పలక వెనక రాసుకుని, స్కేలు పెట్టి గుర్తులు గీసి, రంధ్రాలు వేసింది. తీరా బటన్లు బిగించబోతే కుడి చివరి రెండూ లోపలి చట్రానికి అడ్డం తగిలాయి.

ఇక అన్నయ్య నోటికి అడ్డూ అదుపూ లేదు. కళ్ళు నెత్తిమీద పెట్టుకుని గీశావన్నాడు, రెండేళ్ళ చాకిరీ దండగన్నాడు. అక్కడితో ఆగాడా? ఆమె ఎదురుగానే యజమానికి ఫోను చేశాడు.

"దానికప్పుడే బల్లేంటండీ? రంధ్రం కూడా సరిగ్గా వెయ్యడం రాదు."

బుల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లో ఎన్ని తిట్టినా పడేది. నోటికాడ కూడు లాగేస్తే ఎలా పడుతుంది? వదిన సర్దిచెప్పబోతే వినకుండా పలక తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

సెంటీమీటరు ఎడమకి జరిపి మళ్ళీ వేద్దామంటే, కొత్త రంధ్రం నడిమధ్య పాత రంధ్రం ఖాళీలోనే పడుతుంది. డ్రిల్లు మొన పట్టుకోవడానికి చెక్కే ఉండదు. అందుకని ఆరు గుండ్రటి బిళ్ళలు కోసి, జిగురు పెట్టి రంధ్రాలన్నీ పూడ్చింది. ఆరేదాకా అన్నం కూడా ముట్టలేదు. తర్వాత గరుకు కాగితంతో పలక అరిగిపోతుందా అన్నట్టు రుద్దింది.

ఈసారైనా సరిగ్గా గియ్యమంటూ అన్నయ్య టేపు పట్టుకుని వచ్చి, పాత పలకని మళ్ళీ కొలిచాడు. "పన్నెండు. పదిహేనున్నర. పంతొమ్మిది."

బుల్లి చెయ్యి ఆగిపోయింది. పలక తిరగేసింది. వెనక పొద్దున రాసిన అంకెలున్నాయి. పదమూడు, పదహారున్నర, ఇరవై.

విషయం ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. అన్నయ్య టేపు కొస వంగిపోయి ఎన్నాళ్ళో అయింది. సున్నాకి బదులు ఒకటి దగ్గర పెట్టి కొలుస్తాడు, ఒకటి తీసేసి చెబుతాడు. పొద్దున వదినకి గొప్పలు చెప్పుకుంటూ తీసెయ్యడం మర్చిపోయాడు.

అన్నయ్య టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "సరేలే. ఇద్దరం చూసుకోలేదు."

ఆ "ఇద్దరం" వినేసరికి బుల్లికి పొద్దుటి కోపం రెండింతలైంది. తిట్లు తిన్నప్పుడు ఒక్కతే, తప్పు తేలాక ఇద్దరా?

"ఫోను చెయ్యి," అంది.

"రేపెలాగూ కలుస్తాగా, చెప్తాలే."

"ఇప్పుడే. పొద్దున నా ఎదురుగా ఎలా చేశావో అలాగే."

వదిన ఫోను తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. అన్నయ్య క్షేమసమాచారాలు అడిగాడు, రావాల్సిన చెక్క గురించి అడిగాడు, చివరికి టేపు పాడైందండీ అంటూ మొదలెట్టాడు.

"టేపు కాదన్నయ్యా," అంది బుల్లి.

అతను దారికొచ్చాడు. "తప్పు నాదండీ. అంకె నేనే తప్పు చెప్పాను. మా చెల్లి చెప్పినచోటే వేసింది."

యజమాని మాట అందరికీ వినబడింది. "అయ్యో, నీ మాట మీదే ఆ బల్ల ఇంకొకరికి ఇస్తానని చెప్పేశానయ్యా. మళ్ళీ ఖాళీ అయితే చూద్దాం."

ఫోను పెట్టేశాక అన్నయ్య తల ఎత్తలేదు. కావాలంటే పొద్దున్నే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడతానన్నాడు.

"ఏమీ వద్దు," అంది బుల్లి, పెన్సిలు తీసుకుని పన్నెండు దగ్గర గీత గీస్తూ. "రేపటి నుంచి నీ బల్ల దగ్గర నేనుంటాను. నువ్వెక్కడ నిలబడతావో ఆయన్నే అడుగు."