కుడివైపు వయొలిన్

"ఏమ్మా, నా వాయిద్యం వినపడలేదని రాశావు. రికార్డింగుకి వెళ్ళి కునుకు తీసొచ్చాననుకున్నావా?"

ఫోన్లో ఉన్నావిడ ముప్పై ఏళ్ళుగా వయొలిన్ వాయిస్తున్న మనిషి. నేనేమో తొమ్మిదో తరగతిలో బడి మానేసి, నాన్న క్యాసెట్ల షాపులో కూర్చుని, వచ్చిన సంగీతమంతా విని చెవికి పదును పెట్టుకున్నదాన్ని. ఒక మాసపత్రికలో నెలకో కొత్త శాస్త్రీయ సంగీతం రికార్డు మీద సమీక్ష రాస్తాను. సంపాదకుడు నన్ను చెవులమ్మా అని పిలుస్తాడు. పోయిన సంచికలో ఈవిడ గురించి, "వయొలిన్ పక్కింట్లో వాయిస్తున్నట్టుంది, చేతిలో మునుపటి బలం లేదు" అని రాశాను.

"ఆ ముక్క చూసి, వచ్చే నెల పెద్ద కచేరీకి ఇంకెవరినో పెట్టుకుంటామంటున్నారు. మళ్ళీ విను తల్లీ. ఆ రికార్డులో పాడేవాణ్ణి ఎడంవైపు స్పీకర్లో, నన్ను దాదాపు పూర్తిగా కుడివైపు స్పీకర్లో పెట్టారు."

కుడివైపు అనగానే నా చెయ్యి కుడిచెవి మీదికి వెళ్ళింది.

మా పాపకి ఏడు నెలలు. రెండో నెలలో ఒకసారి పాలు పొలమారి, ఊపిరాడక పెదాలు నీలంగా అయిపోయాయి. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను, ఆ చప్పుడులో ఏమీ వినపడలేదు. మావారు చూడబట్టి సరిపోయింది. అప్పట్నుంచి నా కుడిచెవి పాపది. ఇయర్‌ఫోను ఎడమచెవిలోనే పెట్టుకుంటాను, రెండోది మెడ మీద వేలాడుతూ ఉంటుంది. ఐదు నెలల సమీక్షలూ అలా రాసినవే. మిగతా రికార్డుల్లో అందరూ రెండువైపులా వినపడి ఉంటారు, అందుకే గుట్టు రట్టు కాలేదు.

సంపాదకుడికి ఉన్న మాట చెప్పాను.

"అచ్చుతప్పని వేసేద్దాం చెవులమ్మా! ఒంటిచెవితో విన్నానని రాస్తే మన పరువేం కావాలి? ఏదైనా నాలుగింటిలోపు పంపు, పేజీలు ప్రెస్సుకి వెళ్ళిపోతాయి."

అప్పటికి రెండు దాటింది. రికార్డు యాభై నిమిషాలు. మావారు లిఫ్టు మెకానిక్కు, ఆ రోజు సెలవు. సోఫాలో వాలి ఉన్నారు.

"ఒక్క గంట పాపని చూసుకోండి."

"చూస్తూనే ఉన్నాగా."

"కళ్ళు మూసుకునా?"

"ఆ రోజు చూసిందెవరే?"

ఐదు నెలలుగా మా ప్రతి గొడవా ఈ మాట దగ్గరే ఆగుతోంది. పాపని ఆయన ఒళ్ళో పెట్టి ఇయర్‌ఫోన్లు వెతుక్కునేలోపు ఆయన ఫోను మోగింది. ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోయారట. "పది నిమిషాల్లో వచ్చేస్తా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

పాపని గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకుని, వీపు మీద అరచెయ్యి ఆనించి, రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. మొదటి పాట అయ్యేలోపు నాలుగుసార్లు ఆపి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. రెండో పాటకి ఆపడం మర్చిపోయాను. గాయకుడు రాగాన్ని ఎక్కడ వదిలితే అక్కడే ఆవిడ అందుకుంటోంది. ఆయనకి ఊపిరి చాలక తెగిన చోట వయొలిన్ సన్నగా సాగి, ఆ సందు కనపడకుండా కప్పేస్తోంది. నేను గొప్పదని మెచ్చుకున్న గాత్రంలో సగం గొప్పతనం ఈవిడదే. అరచేతి కింద పాప వీపు లేస్తోంది, దిగుతోంది.

మూడున్నరకి రాయడానికి కూర్చున్నాను. "పోయిన నెల ఈ రికార్డును నేను ఒక్క చెవితో విన్నాను. రెండో చెవి పసిపిల్ల ఊపిరి మీద ఉంది. వయొలిన్‌లో బలం లేదన్నది తప్పు. తప్పు నాదే" అని మొదలుపెట్టి, విన్నదంతా రాసి పంపాను.

వెంటనే ఫోను. "ఇది వేస్తే ఇక నీకు రికార్డులు ఎవరు పంపుతారమ్మా? వచ్చే నెల నుంచి నీ పేజీ ఉంటుందని మాటివ్వలేను."

"వేసేయండి."

"బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచిస్తూ కూర్చుని, కచేరీ దాటిపోయాక వేస్తే ఆవిడకేం లాభమండీ?"

ఫోను పెట్టేశాక బల్ల మీద మిగతా నాలుగు రికార్డులూ కనిపించాయి. వాటిలో కుడివైపు ఇంకెవరెవరున్నారో! పైదాన్ని తీసి పెట్టబోతుంటే పాప లేచి గుక్కపట్టి ఏడుపు అందుకుంది. పది నిమిషాలన్న మనిషి ఇంకా రాలేదు.