తొట్టి మీద టార్పాలిన్

కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా అక్క అంటుంది. ఆ పొద్దున మాత్రం కోపం కంటే భయమే ముందొచ్చింది. అద్దకం ఫ్యాక్టరీ వెనకాల, నేను నడిపే మురుగునీటి శుద్ధి తొట్టి మీద నల్ల టార్పాలిన్ కప్పి ఉంది. నాలుగు మూలలా ఇటుకలు కూడా పెట్టారు, ఎంతో శ్రద్ధగా.

"బావా!" అని అరిచాను.

మా అక్క మొగుడు అక్కడే పంపులు చూసుకుంటాడు. నవ్వుతూ వచ్చాడు. "రెండు రోజులూ ఒకటే ముసురు మరదలా. చంటిపిల్లలా చూసుకోమన్నావుగా, చలేస్తుందేమోనని కప్పాను."

జ్వరమొచ్చి సెలవు పెడుతూ ఆ మాట అన్నది నేనే. ఎందుకు, ఏమిటి అన్నది ఒక్క ముక్క చెప్పలేదు. అందరికీ తెలిస్తే ఇక నా గొప్పేం మిగులుతుంది?

టార్పాలిన్ లాగేశాం. కుళ్లిన గుడ్ల కంపు గుప్పుమంది. ఎనిమిది నెలలుగా పచ్చగా ఉన్న నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి.

"ఇందులో రెండు ప్రాణులున్నాయి బావా. పాచి వెలుతురు తగిలితేనే ప్రాణవాయువు వదులుతుంది. అది పీల్చుకుని బ్యాక్టీరియా మురికి తింటుంది. బ్యాక్టీరియా వదిలిన గాలి మళ్లీ పాచికి తిండి. రాత్రి ఒక్కపూటంటే ఓర్చుకుంటాయి. నువ్వు రెండు పగళ్లు వెలుతురే తగలనివ్వలేదు, రెండింటికీ ఊపిరాడలేదు."

బావ మొహం పాలిపోయింది. "ముందే చెప్పొచ్చుగా తల్లీ?"

మీటరు ముంచి చూస్తే ప్రాణవాయువు సున్నా పాయింట్ మూడు. కనీసం రెండుండాలి. మూడు గంటలకు కాలుష్య బోర్డు నుంచి తనిఖీ ఆవిడ వస్తుంది. ఒక్కసారి తప్పినా తొట్టి ఖాళీ చేయించి పాత రసాయనాలకే వెళ్తానని యజమాని మొదట్లోనే తెగేసి చెప్పాడు.

"గాలి కొట్టే మోటారు ఉండేది కదా?" అన్నాడు బావ.

"నేనే పీకించేశాను. పాచి ఉండగా అది దండగని యజమాని ముందు కోతలు కోశాను."

బావ బకెట్ అందుకుని, టీ చల్లార్చినట్టు, నీళ్లు తోడి పైనుంచి పోయడం మొదలుపెట్టాడు. కనీసం అలాగైనా కాస్త గాలి కలుస్తుందని నేనూ ఒక బకెట్ పట్టాను. అద్దకం వాళ్లు నలుగురు నీలం చేతులతోనే వచ్చి కలిశారు. భుజాలు పడిపోతున్నాయి. మధ్యాహ్నానికి మబ్బు విడిచి ఎండ కాసింది. మీటరులో సున్నా పాయింట్ తొమ్మిది. ఒకటి పాయింట్ నాలుగు.

"మంచినీళ్ల గొట్టం కాస్త వదలనా? అంకె ఇట్టే పెరుగుతుంది. మూడో కంటికి తెలీదు," అన్నాడు బావ నెమ్మదిగా, అద్దకం వాళ్లు అన్నాలకు వెళ్లినప్పుడు.

"మనిద్దరికీ నాలుగు కళ్లున్నాయి, చాలవా? నోర్మూసుకుని తోడు!"

సరిగ్గా మూడింటికి ఆవిడ వచ్చింది, వెనకే యజమాని. మీటరు ముంచింది. ఒకటి పాయింట్ ఎనిమిది.

"సాయంత్రానికి రెండు దాటుతుందండీ," అన్నాను. నా గొంతు నాకే బిచ్చమడిగినట్టు వినిపించింది.

"మూడింటికి కొలిచింది మూడింటికే రాయాలమ్మా," అని రాసుకుని వెళ్లిపోయింది.

"ఎవడు కప్పాడు దీన్ని?" అన్నాడు యజమాని. బావ ముందుకొచ్చాడు.

"నేను చెప్పినట్టే చేశాడండీ. చెప్పాల్సింది నేనే చెప్పలేదు," అన్నాను.

"రేపు పొద్దున ఖాళీ చేయించు. పాత మందులే నయం," అని ఆయనా వెళ్లిపోయాడు.

తొట్టి గట్టు మీద కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఎనిమిది నెలల క్రితం ఒక్క సీసాడు నీళ్లతో మొదలుపెట్టాను దాన్ని.

కాసేపటికి తలెత్తి చూస్తే, బావ ఎండ పడిన మూల నుంచి కాస్త పచ్చగా ఉన్న నీళ్లు తోడి రెండు తెల్ల ప్లాస్టిక్ క్యాన్లలో నింపుతున్నాడు. వాటిని స్కూటరుకు కట్టి నా వైపు తిరిగాడు.

"ఇంటికెళ్లాక వీటికి మూత ఉంచాలా, తీసెయ్యాలా? ఈసారి అడిగే చేస్తాను మరదలా."

కళ్లు తుడుచుకుని గట్టు మీద పక్కకు జరిగాను.

"కూర్చో బావా," అన్నాను, "మొదట్నుంచీ చెప్తాను."