పేరు చెప్పి కోసిన ఆకు

కరీంనగర్‌లో అమూల్య చేసే చదువు గురించి వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. పొద్దున్నే ఆకులు నూరుతుంది, సూక్ష్మజీవులు పెంచిన గాజు పళ్లెంలో ఆ రసం చుక్క వేస్తుంది, మర్నాడు స్కేలు పట్టుకుని కొలుస్తుంది. ఆకులో పస ఉంటే చుక్క చుట్టూ సూక్ష్మజీవులు చచ్చి తేట వలయం కనిపిస్తుంది. మూడేళ్లలో వేపకు తొమ్మిది మిల్లీమీటర్లు వచ్చింది, తంగేడుకు పదకొండు. గైడు నాగరాజు సార్‌కు అవేవీ ఆనడం లేదు.

"పదకొండుతోని పీహెచ్‌డీ ఎవరిస్తరమ్మా? శుక్రవారందాక చూస్త. ఆ తర్వాత నీ సీటు ఇంకొకళ్లకే."

ఆమె తండ్రి, బాపు రాయమల్లు సంగతి అంతకంటే అన్యాయం. సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచాలనే మరమగ్గాల మధ్య నిలబడి గుడ్డ నేసిన మనిషి. వేరే పని రాదు. షుగరుతో మడమకు పుండు పడి, ఏ మందుకూ లొంగక, కరీంనగర్ ఆసుపత్రిలో పడుకున్నాడు. చీము పరీక్షలో స్టెఫైలోకాకస్ ఆరియస్ అని వచ్చింది. అమూల్య పళ్లేల్లో పెంచేదీ ఆ సూక్ష్మజీవినే. వారంలో తగ్గకపోతే పాదం తీసేయాలన్నాడు డాక్టరు.

అమూల్య సోమవారం ఉట్నూర్ బస్సెక్కింది.

అక్కడ సక్కుబాయి అనే ముసలామె చేను గట్టు మీద ఒక పొద ఉంది. తొలకరి పడ్డాక ఏడాదికి ఒక్క గుప్పెడు ఆకు ఇస్తుంది. ఎవరి పేరు చెప్పి కోస్తే వాళ్లకు ప్రాణం పోస్తుంది. పోయినేడు మల్లేష్ అని కోస్తే చుట్టుపక్కల మంచాన పడ్డ ఐదుగురు మల్లేష్‌లూ లేచి పనులకు పోయారు. ఆ ఏడు పుట్టిన మగపిల్లల్లో సగం మంది మల్లేష్‌లే. ముందుచూపు మంచిదే కదా.

"ఎవరి పేరు చెప్పాలె బిడ్డా?" అని అడిగింది సక్కుబాయి.

బాపు పేరు అమూల్య నాలుక మీదే ఉంది. కానీ శుక్రవారం గుర్తొచ్చింది. బాపు పేరు చెబితే బాపుకే పనిచేస్తుంది, పళ్లెంలో వలయం రాదు. సూక్ష్మజీవి పేరు చెబితే పుండులోనూ పళ్లెంలోనూ దాని మీదే పనిచేస్తుంది. మూడేళ్లుగా ల్యాబు పుస్తకంలో 'దేని మీద పరీక్ష' అన్న గడిలో ఆ పేరే రాసి రాసి, ఇదీ ఆ గడే అనుకుంది. అంత చదివినా బుద్ధి గడ్డి తిన్నది.

"స్టెఫైలోకాకస్ ఆరియస్ అవ్వా."

"గదేం పేరు! మనిషేనా?"

"మా సుట్టమే. పానం బాగలేదు."

పాపం సక్కుబాయి ఆ పేరును నాలుగుసార్లు నోట్లో తిప్పుకుని, పొదను రెండు చేతులా పట్టుకుంది. "తల్లీ, గీ స్టెఫైలోకాకస్ ఆరియస్ సల్లగుండాలె. పిల్లజెల్లతోని ఇల్లు నిండాలె" అని మనసారా వేడుకుని కోసింది.

మంగళవారం నర్సు చూడకుండా సగం ఆకు నూరి బాపు మడమకు కట్టింది అమూల్య.

"నా పేరే చెప్పినవా బిడ్డా?"

"చెప్పిన బాపూ. ఫికర్ చెయ్యకు."

మిగతా సగం ల్యాబుకు పోయింది.

బుధవారం ఇంక్యుబేటర్ తెరిస్తే పళ్లెంలో వలయం లేదు. రసం పడ్డచోట సూక్ష్మజీవి మీగడలా దళసరిగా, బంగారు రంగులో పొంగి, మూతను లేపి అరంతా పాకుతోంది. చేసిన పని అమూల్యకు అప్పటికి అర్థమైంది.

వెనక నుంచి తొంగి చూసిన నాగరాజు సార్ ముఖం వెలిగిపోయింది. "ఇంత పెరుగుడు నేనెన్నడు చూడలే! ఇది గూడ రిజల్టేనమ్మా. జర ఫోటోలు తియ్యి. నీ సీటుకు ఢోకా లేదు."

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

వార్డులో చీము పుండ్లున్న ప్రతి మంచం దగ్గరా డాక్టర్లు పరుగులు పెడుతున్నారు. బాపు మాత్రం నవ్వుతూ పక్క మంచం పర్శరాములుతో మాట్లాడుతున్నాడు. "నా బిడ్డ అడివికి పోయి, నా పేరు చెప్పి తెచ్చింది. పొద్దుగాల నుంచి నొప్పే లేదు."

కండ చచ్చాక నొప్పి ఎక్కడిది? డాక్టరు దుప్పటి తీసి, పాదం వదిలేసి, కోయాల్సిన చోట తొడ మీద పెన్నుతో గీత గీశాడు.

"సాంచాల కాడికి ఎప్పుడు పోవచ్చు సారూ?" అన్నాడు బాపు. డాక్టరు అప్పటికే అవతలి మంచం వైపు పరుగెత్తాడు.

నర్సు మంజుల ఆపరేషన్ కాగితం తెచ్చింది. "పేషెంటు పేరు రాసి సంతకం పెట్టమ్మా. జల్ది."

ఆ గడిలో అమూల్య రాయమల్లు అని రాసింది.