కింది పెదవి

టీచరమ్మకు ఓపిక ఎక్కువని బడిలో అందరూ అంటారు. ఆవిడ తన అక్కకు ఇంగ్లీషు నేర్పడం వాళ్ళెవరూ చూడలేదు కాబట్టి అంటారు.

"పై పళ్ళు కింది పెదవి మీద ఆనించు. గాలి వదులు. ఫ్..."

"ప్."

"ఓరి దేవుడో! పెదవులు మూసేస్తావేంటక్కా? పళ్ళు, పళ్ళు! నీకు పళ్ళు లేవా?"

"ముప్పై రెండూ ఉన్నాయి. నీ బోడి శబ్దాలకి ఊడేట్టున్నాయి."

వారం రోజులుగా ఇదే తంతు. అక్క ముప్పై ఏళ్ళుగా ఒక కొట్లో బట్టలు కుడుతోంది. ఈమధ్య చూపు మందగించి సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. కౌంటర్లో ఫోను తీసి కొలతలు రాసుకునే పని ఇస్తానంది యజమానురాలు. వచ్చే ఫోన్లన్నీ ఇంగ్లీషువే. రేపు పదింటికి పక్కనే కూర్చుని వింటుందట. అక్క చెప్పిన కొలత అవతలివాళ్ళకు అర్థమైతే సరే, లేదంటే ఇక ఇంటికే. మిగతా శబ్దాలు ఎలాగోలా దారికొచ్చాయి. ఇదొక్కటే మొండికేసింది. నాలుగు, అయిదు, నలభై, యాభై, ఇంగ్లీషులో అన్నిట్లోనూ ఈ మాయదారి శబ్దమే మరి!

"కావాలనే చేస్తున్నావు," అని విరుచుకుపడింది టీచరమ్మ. "అయిదేళ్ళ పిల్లలు అరగంటలో పట్టేస్తారు. నోరు కదపడానికి కూడా బద్ధకమైతే నేనేం చెయ్యను? నీ ఖర్మ!"

అక్క కింది పెదవిని వేలితో మడిచి చూపించింది. లోపలంతా సన్నటి తెల్ల మచ్చలు.

"కుట్టేటప్పుడు గుండుసూదులు పెదవుల మధ్యే పెట్టుకుంటాం కదే. పళ్ళు దించామా, గుచ్చుకుంటాయి. నేను వద్దన్నా పెదవి దానంతటదే వెనక్కి పోతోంది. నువ్వు కాలేజీకెళ్ళిన రోజుల్లో అయితే పొద్దస్తమానం నోట్లో సూదులే."

టీచరమ్మకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. తన చదువంతా ఆ కుట్టుపని మీదే నడిచింది. సిగ్గేసింది. సిగ్గేసినందుకు ఇంకా కోపమొచ్చింది. తన చూపుడువేలు అక్క కింది పెదవి మీద అడ్డంగా పెట్టింది.

"ఇప్పుడు నీకేం గుచ్చుకోదు. నా వేలు కొరికి ఊదు."

"పిచ్చా నీకు?"

"కొరకమంటుంటే!"

అక్క కళ్ళు గట్టిగా మూసుకుని కొరికింది. ఊదింది. ఫ్‌ఫ్... సన్నగా, శుభ్రంగా వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నొప్పెట్టిందా?"

"చచ్చేంత. మళ్ళీ అను."