శ్రమదేవత గద్దె

నాంపల్లి స్టేషను వెనక గుడిసెలను పొద్దున్నే కూలగొట్టారు. ఆడకూలీలంతా గన్‌ఫౌండ్రీలో బ్యాంకు బిల్డింగు స్లాబు పనికి వెళ్లిన వేళ చూసి మరీ కూలగొట్టారు. కాపలాకు ముసలి లక్ష్మీనర్సమ్మ ఒక్కతే ఉంది. పొయ్యి మీది జొన్న గట్క మట్టిపాలైంది.

వాళ్లలో ఒకతె యాదవ్వ మాత్రం ఇదంతా ఆ బిల్డింగు కంట్రాక్టరు శ్యామ్‌సుందర్ పంపిన జీపులోంచి చూసింది. ఆపమని అరిచినా డ్రైవరు ఆపలేదు. ఆబిడ్స్‌లో ఒక విగ్రహాన్ని మంత్రి ఆవిష్కరిస్తాడు, దాని పక్కన ఆమె నిలబడాలి. ఆ బొమ్మ ఆమెదే మరి. డెబ్బై రెండు కరువుకు పాలమూరు నుంచి వలస వచ్చిన యాదవ్వ నెత్తిన తట్ట పెట్టుకుని నిలబడితే, శిల్పి చూసి చేశాడు. దానికి సిమెంటు మోసిందీ ఈ ఆడవాళ్లే. కింద రాయి మీద 'శ్రమదేవత' అని చెక్కించాడు కంట్రాక్టరు. కడుపు కొట్టేవాడికి భక్తి ఎక్కువ.

జీపు దిగగానే శ్యామ్‌సుందర్‌ను నిలదీసింది. "గుడిసెలెందుకు పీకించినవ్ సేటూ?"

"మంత్రిగారు రైలు దిగి గా తొవ్వలనే వస్తున్నరు. ఫొటోలల్ల మంచిగుండదు. ఫికర్ చెయ్యకు, జర నవ్వుకుంట నిలబడు. మీరు దేవతలు తల్లీ."

ముసుగు తీశారు, చప్పట్లు కొట్టారు. మంత్రి దండ వేయబోతే యాదవ్వ మెడ వంచలేదు. ఒళ్లు మండిపోయి మైకు దగ్గరికే పోయింది.

"మమ్ముల దేవతలంటున్రు. మా ఊర్ల పోచమ్మను గద్దె మీదినుంచి లేపాల్నంటె యాటపోతును గొయ్యాలె. మమ్ముల గుడిసెలల్లనుంచి లేపిన్రు గద, ఇప్పుడు ఎవల్ని గొయ్యాలె?"

మంత్రిని కోస్తానందని ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. జుట్టు పట్టి వ్యాన్‌లో పడేశారు. బొమ్మకు దండ, మనిషికి బేడీలు!

జనంలో ఉన్న యూనియన్ రాజయ్య గన్‌ఫౌండ్రీకి పరుగెత్తి గుడిసెల సంగతి, యాదవ్వ సంగతి చెప్పాడు. కింది నుంచి పైదాకా చేతులు మారుతున్న తట్టలు ఆగిపోయాయి.

మేస్త్రీ సాయన్న అడ్డుపడ్డాడు. "సగం స్లాబు మీద ఆపొద్దు. అతుకు పడ్తె ఎప్పటికీ నీళ్లు కారుతయి. పొద్దుగూకినంక మాట్లాడుదం."

"పొద్దుగూకినంక ఏ గుడిసెల పంటవ్?" అంది కొండమ్మ. చేతిలోని తట్టను నేలకేసి కొట్టింది. అన్ని తట్టలూ దిగాయి. సాయన్న కూడా తాపీ కింద పెట్టాడు.

ఠాణా ముందు వీధి కూలీలతో నిండిపోయింది. లాఠీలు లేచినా ఎవరూ కదల్లేదు. చివరికి శ్యామ్‌సుందరే చెమటలు కక్కుకుంటూ వచ్చి, ఇన్‌స్పెక్టరు చెవిలో ఏదో ఊది, యాదవ్వను బయటికి రప్పించాడు.

"కేసు లేదు, ఏం లేదు. మీ ఆడోళ్లను పనికి పొమ్మను. కలిపిన సిమెంటు మాలు గట్టిపడ్తున్నది."

"గుడిసెలు?"

"అది తర్వాత చూద్దం."

యాదవ్వ ఠాణా మెట్ల మీద చతికిలబడింది. వీధి వీధంతా ఆమె వెనక కూర్చుంది.

"గట్టిపడనియ్యి సేటూ" అంది.